రూపు మారిన తెలుగు సామెతలు

రూపు మారిన సామెతలు అనగా ప్రజల నోట తరతరాలుగా వాడబడుతూ, కాలక్రమంలో ఒక పదమో ఒక అక్షరమో మారిపోవడం వలన మొదటి రూపానికి గాని, మొదటి అర్థానికి గాని దూరమైన లోకోక్తులు. కొన్నింటిలో పదమే మారిపోయినది. కొన్నింటిలో పదం అలాగే ఉన్నా, దానిని వినేవారు వేరొక అర్థంలో గ్రహిస్తున్నారు. మరికొన్నింటిలో సామెత సగమే మిగిలినది. ఇటువంటి మార్పులు అన్ని భాషలలోనూ సహజమే. అయితే మార్పు ఎక్కడ జరిగినదో తెలిస్తే ఆ సామెతలోని చమత్కారము, దాని వెనుక ఉన్న జీవన విధానము తిరిగి అర్థమవుతాయి.

మార్పుకు కారణాలు

సామెత ప్రధానంగా చెవి ద్వారా నేర్చుకొనేది. పుస్తకంలో చూసి నేర్చుకొన్నవారు తక్కువ. విన్నవాడికి ఒక పదం తెలియనప్పుడు, అదే ధ్వని గల తెలిసిన పదాన్ని దాని స్థానంలో ఉంచుకొంటాడు. అందువలన మార్పు సాధారణంగా వాడుకలో లేని పదం నుండి వాడుకలో ఉన్న పదం వైపే జరుగుతుంది. దీనికి ముఖ్య కారణాలు ఇవి:

* సామెతలో చెప్పిన వస్తువు లేదా పని నిత్యజీవితం నుండి తొలగిపోవడం.
* పదం నిలిచి ఉన్నా దాని అర్థం మారిపోవడం.
* సంధి వలన పదం రూపు మారి, విడదీయడం తెలియకపోవడం.
* సంస్కృత రూపాన్ని తెలుగు రూపంగా పొరబడటం.
* పొడవైన సామెతలో మొదటి భాగాన్ని మాత్రమే వాడటం.

పదం మారి చమత్కారం పోయినవి

వెర్రి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్లు: ఈ సామెతను నేడు చాలామంది "పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండి" అంటున్నారు. మూల రూపంలో ఉన్నది "కుదిరింది" అనే పదం. కుదురుట అనగా నయమగుట. తనకు వెర్రి నయమైనదని ఒకడు స్వయంగా ప్రకటించి, ఆ సంతోషంలో తలపాగా చుట్టినట్లు రోకలిని తలకు చుట్టమన్నాడు. గట్టి కర్ర అయిన రోకలి తలకు చుట్టుకొనేది కాదు. అనగా నయమైనదన్న మాటే నయం కాలేదనడానికి సాక్ష్యమైనది. "ముదిరింది" అన్నప్పుడు ఆ మాట ఇతరులు అన్నట్లవుతుంది. పిచ్చివాడు పిచ్చిపని చేశాడన్న సాధారణ విషయమే మిగులుతుంది. తన లోపం పోయినదని చెప్పుకొంటూనే దానిని బయటపెట్టుకొనేవాడిని గూర్చిన సామెత కాస్తా, వట్టి పిచ్చిని గూర్చిన సామెతగా మారినది.

"కుదురు" అనే క్రియకు నయమగుట అనే అర్థం పూర్తిగా పోలేదు. "వాడి తిక్క కుదిరింది", "రోగం కుదిర్చాడు" అనే వాడుకలలో అది నేటికీ ఉన్నది. పెళ్ళి కుదరడం, ముహూర్తం కుదరడం అనే అర్థాలు ఎక్కువగా వినబడటం వలన సామెతలోని అర్థం మరుగున పడినది.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్లు: ఇందులో "ఓడు" అనేది క్రియ కాదు, విశేషణంగా వాడిన నామవాచకం. ఓడు అనగా పగిలినది, చిల్లుపడినది. "ఆడు" అనగా ఇక్కడ నృత్యం చేయుట. సరిగా నృత్యం చేయలేనివారు తమ లోపాన్ని ఒప్పుకొనక, మద్దెల పగిలిపోయినదని వంక పెట్టారని భావం. ఈ పదం తెలియనివారు దీనిని ఓడిపోవుట అనే క్రియగా గ్రహించి, "మద్దెల ఓడింది" అని వాడటం కద్దు. అప్పుడు ఆట, ఓటమి అన్న అర్థాలు వచ్చి, వాద్యంపై నింద మోపడమనే అసలు విషయం జారిపోతుంది. "ఓటికుండ" అనే మాటలో ఈ పదమే ఉన్నది. నోరు, నోటి, ఏరు, ఏటి, కూడు, కూటి అయినట్లే ఓడు, ఓటి అవుతుంది. ఇటువంటి రూపాలను వ్యాకరణంలో ఔపవిభక్తికాలు అంటారు.

వస్తువు కనుమరుగు కావడం వలన మారినవి

ఏకు మేకైనట్లు: ఏకు అనగా నూలు వడకడానికి సిద్ధం చేసిన, వేలి లావు గల మెత్తని దూది చుట్ట. మేకు అనగా గట్టిగా దిగగొట్టే పెద్ద మేకు లేదా శీల. మొదట మెత్తగా, వినయంగా ప్రవేశించి, తరువాత కదల్చడానికి వీలులేకుండా పాతుకుపోయేవారిని గూర్చి "ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు" అంటారు. రాట్నం ఇళ్ళలో నుండి తొలగిపోయిన తరువాత ఏకు అనే పదం తెలిసినవారు తగ్గిపోయారు. పైగా "మేకై" అన్నప్పుడు మేకు అనే పదంలోని ఉకారం సంధిలో లోపిస్తుంది కనుక, వినేవారికి అది మేక అనే జంతువుగా తోచవచ్చును. ఏకు, మేకు అన్న ప్రాస చూచినచో మూల రూపం స్పష్టమవుతుంది.

తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడుంటాడు: తాడి అనగా తాటిచెట్టు. దీనిని త్రాడు అనే అర్థంలో గ్రహించడం పొరపాటు. తాటిచెట్టును తన్నగలవాడు మహాబలుడు. అంతటివాని తలను తన్నగలవాడు కూడా ఉంటాడని, ఎవరి బలమూ హద్దు లేనిది కాదని తాత్పర్యం. త్రాడు అని గ్రహించినచో బలం ఎక్కడ ఉన్నదో తెలియదు.

అగ్గి మీద గుగ్గిలం: గుగ్గిలం ఒక చెట్టు జిగురు. ధూపానికి వాడతారు. దాని పొడిని నిప్పు మీద చల్లగానే భగ్గుమంటుంది. హఠాత్తుగా కోపంతో మండిపడేవారికి ఈ పోలిక. గుగ్గిలం వాడకం తగ్గినందువలన కొందరు దీనిని ఉడికించిన శనగలైన గుగ్గిళ్ళుగా భావిస్తారు. గుగ్గిళ్ళను నిప్పు మీద వేస్తే మాడుతాయి గాని మంట లేవదు.

ఏనుగు బ్రతికినా వెయ్యి వరహాలే, చచ్చినా వెయ్యి వరహాలే: నేడు ఇది "బ్రతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే" అని కుదించబడినది. వరహా విజయనగర కాలంలో ప్రసిద్ధి పొందిన బంగారు నాణెం. వరాహమూర్తి బొమ్మ ఉండటం వలన ఆ పేరు వచ్చినది. వెయ్యి బంగారు నాణేలంటే పెద్ద ధనరాశి. వరహా మాట పోగానే వెయ్యి అనేది నేటి రూపాయలలో ఒక చిన్న మొత్తంగా వినబడి, ఏనుగు విలువ స్ఫురించకుండా పోతున్నది.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే: బంతి అనగా భోజనానికి కూర్చొన్న వారి వరుస. ఇది పంక్తి అనే సంస్కృత పదానికి వికృతి. కడబంతి అనగా చివరి వరుస. ఆడుకొనే బంతికి దీనితో సంబంధం లేదు. దీనికే "కడపంక్తి" అనే రూపం కూడా ప్రచారంలో ఉన్నది. నిలబడి భోజనం చేసే విందులు పెరిగిన తరువాత, చివరి వరుసకు వంటకాలు చేరకపోవచ్చునన్న భయం ఈ కాలం పిల్లలకు అనుభవంలో లేదు.

అర్థం మారిన పదాలు

ఇంట గెలిచి రచ్చ గెలువు: ఈ సామెతలో పదాలేవీ మారలేదు. కాని రచ్చ అనే పదానికి అర్థం మారినది. సంస్కృతంలో వీధి అని అర్థమిచ్చే "రథ్య" శబ్దం నుండి ప్రాకృతం ద్వారా వచ్చిన ఈ పదానికి, గ్రామంలో పదిమంది కూడి తీర్పులు చెప్పుకొనే బహిరంగ స్థలమని అర్థం. రచ్చబండ అనే మాటలో ఈ అర్థమే ఉన్నది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తలపెట్టిన ఒక ప్రజా కార్యక్రమానికి కూడా ఆ అర్థంలోనే రచ్చబండ అని పేరు పెట్టారు. ఇంటి తగవు నలుగురిలో పడటాన్ని "రచ్చకెక్కడం" అంటారు. అటువంటి వాడుకల వలన క్రమంగా రచ్చ అంటే గొడవ, అల్లరి అనే అర్థం స్థిరపడినది. నేటి యువతకు సామెత "ఇంట్లో గెలిచి గొడవలో గెలువు" అన్నట్లు వినబడుతుంది. ముందు ఇంటివారి మన్నన పొంది, ఆ తరువాత సభలో మన్నన పొందవలెనన్నది అసలు భావం.

గుడ్డికంటె మెల్ల మేలు: మెల్ల అనగా చూపు ఒక ప్రక్కకు తిరిగిన కన్ను. అసలు చూపు లేకపోవడం కంటే ఆ చూపు మేలని అర్థం. ఏమీ లేనిదాని కంటే లోపంతో ఉన్నదైనా నయమన్న సందర్భంలో వాడేవారు. "మెల్లగా" అనే పదం అందరికీ తెలిసినది కావడం వలన, గ్రుడ్డిగా పోవడం కంటే నెమ్మదిగా పోవడం మేలని అర్థం చెప్పేవారు ఉన్నారు. ఆ అర్థం కూడా నీతిగానే ఉన్నందువలన పొరపాటు తేలికగా బయటపడదు.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం: ఆలు అనగా భార్య. ఇల్లు, ఆలు కలిసి ఇల్లాలు అయినది. చూలు అనగా గర్భం. "నిండు చూలాలు" అనే మాట ఇప్పటికీ వినబడుతుంది. భార్య లేదు, గర్భం లేదు, అయినా కొడుకుకు పేరు పెట్టుకొన్నాడని పరిహాసం. ఈ రెండు పదాలూ విడిగా వాడుకలో లేనందువలన విద్యార్థులు సామెతను ధ్వని కోసమే గుర్తు పెట్టుకొంటున్నారు. ఆలు అనగానే హిందీ నుండి వచ్చిన బంగాళాదుంప పేరు స్ఫురించడం నేటి పరిస్థితి.

సంధి వలన కలిగిన పొరపాట్లు

కాలుగాలిన పిల్లి: నిలకడ లేకుండా ఇటూ అటూ తిరిగేవారిని ఇలా పోలుస్తారు. ఇందులో గాలి లేదు. కాలు, కాలిన అనే రెండు పదాలు కలిసినప్పుడు రెండవ పదం మొదటనున్న కకారం గకారంగా మారినది. ప్రథమా విభక్తి మీద క, చ, ట, త, ప లకు గ, స, డ, ద, వ లు వచ్చే ఈ మార్పును గసడదవాదేశ సంధి అంటారు. చిన్నయసూరి రచించిన బాలవ్యాకరణంలో (1858) దీనికి సూత్రం ఉన్నది. ద్వంద్వ సమాసాలైన తల్లిదండ్రులు, అన్నదమ్ములు, కూరగాయలు అనే మాటలలోనూ ఇటువంటి మార్పే కనబడుతుంది. పాదం కాలిన పిల్లి నేలపై ఒకచోట పాదం మోపి నిలువలేదు గనుక ఆ పోలిక ఏర్పడినది.

కృషితో: కృషి ఉన్నచోట కరవు ఉండదని చెప్పే సంస్కృత సూక్తి తెలుగువారిలో బహుళ ప్రచారంలో ఉన్నది. పాఠశాల గోడలపైనా వ్రాయబడుతుంది. దాని మొదటి పదం "కృషితో". చాలామంది దీనిని "కష్టపడటంతో" అనే అర్థం గల తెలుగు మాటగా, అనగా కృషి అనే పదానికి "తో" అనే తృతీయా విభక్తి ప్రత్యయం చేరిన రూపంగా గ్రహిస్తారు. నిజానికి ఇది పూర్తిగా సంస్కృత రూపం. "కృషితః" అనే పదంలోని విసర్గ, తరువాతి పదం నకారంతో మొదలు కావడం వలన, సంధిలో ఓకారంగా మారినది. మనః, హరం అనే పదాలు మనోహరం అయినట్లే ఇదీ జరిగినది. రెండు భాషలలో రూపం యాదృచ్ఛికంగా ఒకటే కావడం వలన వ్రాతలో ఎక్కడా తప్పు కనబడదు.

అర్థంలో మాత్రం పెద్ద తేడా వచ్చినది. సంస్కృతంలో కృషి అనగా ముందుగా సేద్యం. వ్యవసాయం వలన దుర్భిక్షం రాదని ఆ సూక్తి భావం. దుర్భిక్షమనే పదం కూడా భిక్ష, అనగా ఆహారం, దొరకని స్థితినే చెబుతుంది. తెలుగులో కృషి అంటే ప్రయత్నం, పరిశ్రమ అనే అర్థం బలపడటం వలన, సేద్యాన్ని గూర్చిన మాట పరీక్షలకు చదివే విద్యార్థికి చెప్పే ప్రోత్సాహ వాక్యంగా మారినది. ఆ ప్రోత్సాహం మంచిదే. కాని ఈ మార్పులో సూక్తి నుండి రైతు తప్పుకొన్నాడు. అన్నం ఎక్కడి నుండి వస్తున్నదో చెప్పే వాక్యం ఆ సంగతి చెప్పడం మానివేసినది. కృషి విజ్ఞాన కేంద్రాల పేరులో మాత్రం ఈ పదం పాత అర్థంలోనే నిలిచి ఉన్నది. వీటిలో మొదటిది 1974లో పుదుచ్చేరిలో ఏర్పడినది.

పేర్లు మారిన జాతీయాలు

గొంతెమ్మ కోరికలు: తీర్చడానికి వీలులేని కోరికలను ఇలా అంటారు. గొంతెమ్మ అనగా పాండవుల తల్లి అయిన కుంతీదేవి. కుంతి అనే సంస్కృత నామానికి గొంతి అనేది వికృతి. దానికి అమ్మ చేరి గొంతెమ్మ అయినది. ఈ సంగతి తెలియనివారు గొంతు అనే పదంతో ముడిపెట్టి, గొంతు దాకా ఉన్న కోరికలనో, గొంతు చించుకొని అడిగే కోరికలనో అర్థం చెబుతుంటారు.

సగమే మిగిలినవి

కొన్ని సామెతలలో మొదటి భాగం నిలిచి, తరువాతి భాగం వాడుకలో తగ్గినది.

* "చెరపకురా చెడేవు" అన్న తరువాత "ఉరకకురా పడేవు" అని ఉన్నది. ఇతరులను చెరపవద్దన్న నీతితో పాటు, తొందరపడి పరుగెత్తవద్దన్న హెచ్చరిక కూడా ఇందులో కలదు.
* "ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్న తరువాత "వలపు సిగ్గెరుగదు" అనే మూడవ భాగం కలదు. పిల్లల ముందు చెప్పేటప్పుడు ఈ భాగాన్ని విడిచిపెట్టడం సాధారణం.

చెప్పినవారి విషయంలో పొరపాట్లు

కొన్ని ప్రసిద్ధ వాక్యాలలో మాట సరిగానే ఉన్నా, అది ఎవరిదన్న విషయంలో పొరపాటు జరుగుతుంది. దేశభాషలన్నింటిలో తెలుగు మేలైనదన్న వాక్యం శ్రీకృష్ణదేవరాయల సొంత ప్రకటనగా తరచు పేర్కొనబడుతుంది. అది రాయల ఆముక్తమాల్యదలో ఉన్నమాట నిజమే. అయితే ఆ కావ్యంలో దానిని పలికినది రాజు కాదు. కృష్ణా తీరాన ఉన్న శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్ర మహావిష్ణువు రాయలకు కలలో కనబడి చెప్పిన మాటలలో అది ఒక భాగం. ఆ వాక్యం అంతకు పూర్వమే వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామంలో కూడా ఉన్నది. కనుక రాయలు దానికి ప్రచారం కలిగించినవాడే గాని, మొదట చెప్పినవాడు కాడు.

పాఠాంతరాలు తప్పులు కావు

సామెతకు ఒకే రూపం ఉండవలెనన్న నియమం లేదు. ప్రాంతాన్ని బట్టి, వృత్తిని బట్టి రూపాలు మారుతాయి. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అని ఒకచోట అంటే, "కందకు లేదు, చేమకు లేదు, నీకెందుకే కత్తిపీటా దురద" అని మరొకచోట అంటారు. "ఎద్దు ఈనిందంటే కొట్టంలో కట్టేయమన్నట్లు" అనేదానిని కొందరు దున్నపోతు పేరుతో చెబుతారు. వెర్రి అన్నా, పిచ్చి అన్నా భావంలో మార్పు లేదు. ఇటువంటివి పాఠాంతరాలు. వీటిలో పోలిక, చమత్కారం చెడలేదు. చమత్కారం చెడినప్పుడు, లేదా పోలికకు అర్థం లేకుండా పోయినప్పుడు మాత్రమే దానిని పొరపాటుగా పరిగణించవలెను. ఒక ప్రాంతం వారి రూపాన్ని ప్రమాణంగా తీసుకొని, మరొక ప్రాంతం వారి రూపాన్ని తప్పుగా లెక్కించడం సరి కాదు.

మూల రూపాన్ని గుర్తించే విధానం

* పాత సంకలనాలు, నిఘంటువులు చూడటం. సి. పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు (1852), కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ సేకరించిన ఆంధ్రలోకోక్తి చంద్రిక (1868), బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము (1885) ఇందుకు ఉపయోగపడతాయి.
* అదే పదం వేరే మాటలలో బ్రతికి ఉన్నదేమో చూడటం. ఓడు ఓటికుండలోనూ, చూలు చూలాలిలోనూ, కుదురుట తిక్క కుదరడంలోనూ దొరుకుతాయి.
* ప్రాసను గమనించడం. ఏకు, మేకు, ఆలు, చూలు వంటి జంటలలో ఒక పదం మారితే ప్రాస చెడి, మార్పు బయటపడుతుంది.
* పోలికను ఊహించి చూడటం. నిప్పు మీద గుగ్గిళ్ళు వేస్తే ఏమగునో ఆలోచించినవారికి గుగ్గిలం ఎందుకు కావలెనో తెలుస్తుంది.

సామెతకు కొత్తగా కల్పించిన కథ ఎంత ఆసక్తికరంగా ఉన్నా, అది ఒక్కటే ఆధారం కాదు. పై విధానాలలో కనీసం ఒకటి దానిని బలపరచవలెను.

ప్రాముఖ్యం

సామెతలో దాగిన పాత పదం ఒక వస్తువును, ఒక పనిని, ఒక అలవాటును గుర్తుచేస్తుంది. ఏకు అనే పదంలో రాట్నం, కడబంతిలో సహపంక్తి భోజనం, రచ్చలో గ్రామసభ, కృషిలో నాగలి ఉన్నాయి. ఆ పదం మారినప్పుడు సామెత కొనసాగుతూనే ఉంటుంది గాని, అది పుట్టిన జీవితం దాని నుండి తొలగిపోతుంది. ఈ పదాలను విడిగా బోధించే అవసరం పాఠ్యపుస్తకాలకు రాకపోవచ్చును. వాటిని పనిలోను, వంటలోను, భోజనంలోను వాడినవారు ఇళ్ళలో ఇంకా ఉన్నారు. తెలియని పదం ఎదురైనప్పుడు దాని స్థానంలో తెలిసిన పదాన్ని ఉంచుకొనక, ఇంటిలోని పెద్దలను అడిగి తెలుసుకోవడం విద్యార్థులకు అందుబాటులో ఉన్న సులభమైన మార్గం.